చిన్న యింటి సౌందర్యము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టుట యెంత కష్టమో ఆ సామెత చెప్పినదే కాని, కట్టిన యిల్లు చిన్నదైనప్పుడు అందులో ఒకరి కాలు ఒకరు త్రొక్కుకొనకుండ, మనసునకు ఇంపుగా ఎట్లు కాపురముండవలెనో చెప్పలేదు. ఈ రెండవ విషయమును జాతీయసమస్యగా నెత్తుకొని, దానికి సమాధానము వెదకుటలో ఇంచుమించు నూరేండ్లు గడపిన దేశములు కొన్ని ఐరోపా ఖండపు ఉత్తరభాగమున నున్నవి. అవి స్వీడన్, డెన్మార్కు, నార్వే దేశములు. వీనికి పొరుగుననున్న ఫిన్లండు భూగోళశాస్త్రము ప్రకారము స్కాండినేవియాలో చేరకపోయినను, ఈ కథలో దానిని విడదీయుటకు వీలులేదు. ఈ దేశముల గృహాలంకరణ విధానమునకే నేడు లోకము స్కాండినేవియా రీతి యని పేరుపెట్టినది.

ఈ రీతిని మనము సాధారణముగా పటములలో చూచెదము. తెల్లని గోడలు, లేతరంగు కలపతో చేసిన కుర్చీ, నగిషీ లేని బల్ల, కిటికీ ప్రక్క నొక పూలకుండి. చూచినవారు, ఇది కలవారి ముచ్చట యనుకొనుట సహజము. కాని చరిత్ర వేరొక విధముగా చెప్పుచున్నది. ఈ నిరాడంబరత కలిమినుండి పుట్టలేదు; ఇరుకునుండి పుట్టినది. వెలుతురుగల గదిలో అన్నము తినుటకు, నడుము నొవ్వని కుర్చీపై కూర్చుండుటకు పేదవానికి హక్కు కలదా, లేదా అన్న ప్రశ్నతో అది ప్రారంభమైనది. ఆ ప్రశ్నకు ఎవరెవరు ఏమేమి సమాధానము చెప్పిరో, అందులో ఏవి నిలిచెనో, ఏవి తప్పిపోయెనో ఇప్పుడు చూతము.

ముందుగా ఆ దేశముల ప్రకృతిని కొంచెము తలచుకొనవలెను. డిసెంబరు నెలలో స్టాక్‌హోమ్ నగరమున పగలు ఆరు గంటలు మాత్రమే. మిగిలిన పదునెనిమిది గంటలు చీకటి. పల్లెటూరి రైతు యింటిలో చలికాలమున పొయ్యి వెలుగు గది తరచుగా ఒక్కటే. వంట, భోజనము, నూలు వడకుట, నిద్ర, పురుడు అన్నియు అచ్చటనే జరుగవలెను. అందుచేత ఆ గదిలోని ప్రతి వస్తువును రెండేసి పనులు చేయుట నేర్చినది. పగలు కూర్చుండు బల్లపీట, రాత్రి సొరుగువలె ముందుకు లాగినచో పడక యగును. భోజనపు బల్ల రెక్కలు దింపినచో గోడకు ఒదిగిపోవును. కూర్చుండు పెట్టె లోపల దుప్పట్లు దాగియుండును. తరువాతి కాలమున గోడలకు వేసిన తెలుపు గూడ ఇట్టిదే. ఉన్న కొద్దిపాటి వెలుతురును వృథాపోనీయక గది మూలలకు పంపుట దాని పని. తెలుపు అచ్చట అలంకారము కంటె ముందు దీపము.

19వ శతాబ్దమున ఈ పల్లె జీవితము చెదరిపోయెను. 1850 మొదలు 1930 వరకు పన్నెండు లక్షలకు పైగా స్వీడన్ ప్రజలు బీదరికమునకు తాళలేక దేశము విడిచిపోయిరి. వారిలో చాలమంది అమెరికా చేరిరి. మిగిలినవారు కర్మాగారములను వెదకుకొనుచు పట్టణములకు వచ్చిరి. స్టాక్‌హోమ్‌లో కార్మిక కుటుంబమునకు దొరకునది సాధారణముగా ఒక గది, ఒక వంటిల్లు. అద్దె చెల్లుటకై ఆ వంటింటిలోనే పరాయివానికొక పడకచోటు ఇచ్చుకొను కుటుంబములును ఉండెను. ఇక నడితరగతి వారి యిండ్లో? అవి వేరొక రీతిని ఇరుకైనవి. బరువైన మఖమలు తెరలు, నల్లని కలపపై యంత్రముతో దిద్దిన నగిషీలు, ధూళి పట్టు బొమ్మలు. పెద్దదొరల భవనములలోని వస్తువులకు చౌకబారు నకళ్లు చేసి కర్మాగారములు అమ్ముచుండగా, ప్రజలు వానితో గదులను నింపుకొనుచుండిరి. ఉన్న కొద్ది వెలుతురును ఆ తెరలు మ్రింగివేయుచుండెను.

ఈ పరిస్థితిని చూచి మొట్టమొదట గట్టిగా మాటాడిన వ్యక్తి యొక స్త్రీ. ఆమె పేరు ఎల్లెన్ కేయ్. 1849లో పుట్టి, ఉపాధ్యాయినిగా, రచయిత్రిగా ప్రసిద్ధికెక్కిన ఈమె 1899లో "అందరికిని సౌందర్యము" అను నర్థమువచ్చు పేరుతో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. అందమునకు వెల యవసరము లేదనియు, ఏ వస్తువైనను తాను చేయవలసిన పనికి చక్కగా ఒదిగియున్నచో అదియే అందమనియు, లేని ఐశ్వర్యమును నటించు వస్తువు వికారమనియు ఆమె వాదము. ఆ సంవత్సరమే స్టాక్‌హోమ్‌లోని కార్మిక విద్యాసంస్థలో మాదిరి గదులను అమర్చి, తక్కువ డబ్బుతో గది నెట్లు తీర్చవచ్చునో కార్మికులకు చూపెను. అంతకుముందు సౌందర్యమును గూర్చి మాటాడినవారు దేవాలయములను, రాజప్రాసాదములను గూర్చి మాటాడిరి. ఈమె వంటింటి గిన్నెను గూర్చి మాటాడెను.

ఆ 1899లోనే మరియొక పుస్తకము వెలువడెను. చిత్రకారుడు కార్ల్ లార్సన్ తన యింటిని తానే నీటిరంగులతో చిత్రించి "ఒక యిల్లు" అను పేరుతో ప్రకటించిన సంపుటమది. లార్సన్ స్టాక్‌హోమ్ నగరపు బీద యిండ్లలో, ఇరుకులో, ఆకలిలో పెరిగినవాడు. 1888లో దాలర్నా సీమలోని సుండ్‌బోర్న్ గ్రామమున ఒక చిన్న కొయ్యయిల్లు అతని భార్య కారిన్‌కు ఆమె తండ్రివలన లభించెను. పిల్లలు పెరిగినకొలది ఆ యింటికి గదులు చేర్చుకొనుచు, పాత కుర్చీలకు క్రొత్త రంగులు పూసి వాడుకొనుచు ఆ దంపతులు దానిని తీర్చుకొనిరి. కిటికీలకు బరువు తెరలు లేవు; మొక్కలు, ఎండ, పిల్లల ఆటసామాను కలవు. నేలపై చింకిగుడ్డల జంపఖానాలు పరచియుండెను. పేరు చిత్రకారునకు దక్కినను, ఆ యింటి తెరలు, దిండ్లు, గోడవస్త్రములు నేసినదియు, అందులోని కొన్ని కుర్చీలకు, బల్లలకు రూపము కల్పించినదియు కారిన్. ఆమెయు చిత్రకళ నభ్యసించినదే. కుంచె విడిచి మగ్గము పట్టిన యా యిల్లాలి చేతిపని మీదనే స్వీడన్ దేశపు గృహకళ చాలవరకు నిలిచియున్నదని నేటి చరిత్రకారులు గుర్తించుచున్నారు.

అయితే పుస్తకములు చదువువారు వేరు, ఒంటిగదిలో వసించువారు వేరు. ఈ దూరమును దాటుటకై స్వీడన్ దేశపు శిల్పకారసంఘము 1917లో స్టాక్‌హోమ్‌లోని లిల్యేవాల్క్స్ చిత్రశాలలో గృహ ప్రదర్శన మొకటి యేర్పాటుచేసెను. ఈ సంఘము 1845 నుండియు పనిచేయుచుండినది. అచ్చట చూపినవి భవనములు కావు. ఒకటి రెండు గదుల యిండ్ల నమూనాలు. గున్నార్ ఆస్ప్లుండ్ అను యువశిల్పి, వంటిల్లే కూర్చుండు గదిగా నుపయోగపడునట్లు ఒక నమూనా నిర్మించెను. విల్హెల్మ్ కోగె యను నతడు కార్మికుల కొరకై నీలిపూల పింగాణి పాత్రలకు రూపకల్పన చేసెను. జనము విరివిగా వచ్చిరి, మెచ్చుకొనిరి. కాని మెచ్చినవారిలోను కొన్నవారిలోను చదువుకొన్న నడితరగతి వారే యెక్కువ. ఎవరికొరకై చేసిరో ఆ కార్మికులు తమ బంగారుగీతల కప్పులనే కోరుకొనిరి. ఈ యనుభవము చేదైనను మేలే చేసినది. పేదవానికి ఏది కావలెనో పేదవాని నడుగక నిర్ణయించుట సులభము కాదని ఆనాడు తేలినది. ఈ గుణపాఠమును ఆ దేశము ఒకసారి కాదు, పలుమారులు నేర్చుకొనవలసి వచ్చినది.

1919లో గ్రెగోర్ పౌల్సన్ అను కళాచరిత్రకారుడు "మరింత అందమైన నిత్యోపయోగ వస్తువులు" అను నినాదముతో చిన్న గ్రంథము వ్రాసెను. కళాకారుడు కర్మాగారములోనికి పోవలెను, ఒక ధనికునికి ఒక వస్తువు గాక లక్షమందికి లక్ష వస్తువులు మంచివి రావలెనని దాని సారాంశము. ఆ పౌల్సన్, పైని చెప్పిన ఆస్ప్లుండ్ కలిసి 1930లో నడపిన స్టాక్‌హోమ్ ప్రదర్శన ఆ దేశ చరిత్రలోనే యొక మలుపు. గాజు, ఉక్కులతో తేలికగా నీటియొడ్డున నిలిపిన యా మండపములను చూచుటకు మే మొదలు సెప్టెంబరు వరకు ఇంచుమించు నలుబది లక్షల టికెట్లు తెగెను. చిన్న కుటుంబములకు చిన్న యిండ్లు, ఎండ ప్రవేశించు పెద్ద కిటికీలు, గోడలో నిమిడిన అలమరలు అచ్చట చూపబడెను. దీనిపై తీవ్రమైన వాదము చెలరేగినది. ఇల్లు యంత్రము కాదు, వడ్రంగి చేతివాసన లేనిది యిల్లే కాదని కార్ల్ మాల్మ్‌స్టెన్ వంటి ప్రసిద్ధ కుర్చీబల్లల శిల్పులు ఎదిరించిరి. ఆ వాదములో ఎవరును పూర్తిగా గెలువలేదు. క్రొత్తవారి లెక్క, పాతవారి కలప రెండును కలిసిపోయెను. ఆ కలయికయే నేడు మనము స్కాండినేవియా రీతి యనుచున్నది. జర్మనీ దేశపు నవీనులు ఉక్కుగొట్టములతో కుర్చీ చేసినచోట, వీరు చేతికి వెచ్చగా తగులు కలపను విడువకుండిరి.

1932లో ప్రధానియైన పేర్ ఆల్బిన్ హాన్సన్ దేశమునే ప్రజలందరి యిల్లుగా భావించవలెనని 1928 నుండి చెప్పుచుండెను. ఆ మాట రాజకీయ నినాదమైనప్పుడు, యిల్లన్న పదమునకు నిజమైన గోడలు, నిజమైన కిటికీలు కావలసివచ్చెను. 1934లో ఆల్వా మీర్డాల్, గున్నార్ మీర్డాల్ దంపతులు జననసంఖ్య తగ్గుటను గూర్చి వ్రాసిన గ్రంథములో, ఇరుకిండ్లలో పిల్లల నెట్లు పెంచగలరని ప్రభుత్వమును నిలదీసిరి. మరుసటి యేడే, అనగా 1935లో, ఆల్వా ఆలోచనతోను, స్వెన్ మార్కెలియస్ శిల్పిత్వముతోను స్టాక్‌హోమ్‌లో ఒక సామూహిక గృహము వెలసెను. అందులోని భాగములు మిక్కిలి చిన్నవి. వంట యింటింట లేదు. క్రిందియంతస్తున నున్న వంటశాలనుండి చిన్న యెత్తుడు పెట్టెలలో భోజనము పైకి పోవును. పిల్లలకు క్రిందనే శిశుశాల. ఉద్యోగము చేయు తల్లులకు విశ్రాంతి నిచ్చుటకై చేసిన ప్రయత్నమిది. ఇందును చేరినవారిలో కార్మికులు తక్కువ, మేధావులు ఎక్కువ. ఈ ఆల్వా మీర్డాలే 1955 నుండి 1961 వరకు ఢిల్లీలో స్వీడన్ దేశపు రాయబారిగా నుండి, 1982లో నోబెల్ శాంతి బహుమానము పొందినదని తెలిసినచో, ఆమె మనకు కొంత దగ్గరిదిగా తోచును.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి చెప్పవలెను. ఇండ్ల కొలతలు లెక్కించువారు నిజముగా ఇండ్లలోనికి పోయి చూచినప్పుడు, వారెరుగని దృశ్యము కానవచ్చెను. రెండు గదుల యింటిలో కుటుంబమంతయు వంటింటిలోనే ఒత్తుకొని నిద్రించుచుండ, మంచి గది మాత్రము తాళము వేసినట్లు ఖాళీగానుండెను. అది చుట్టములకై, పండుగలకై, మర్యాదకై దాచిన గది. 1941లో బ్రీతా ఓకెర్మన్ అను విదుషీమణి స్టాక్‌హోమ్ కుటుంబముల నివాసపద్ధతులను పరిశీలించి ప్రకటించిన గ్రంథమునకు "ఇంటిని మించి పెరిగిన కుటుంబము" అను నర్థము గల పేరు పెట్టెను. నిపుణులు ఆ ఖాళీ గదిని అవివేకమనిరి. మనము అంత తొందరపడి తీర్పు చెప్పలేము. మన యిండ్లలోను ఒకప్పుడు ముందుగదిలో, కుట్టుపని చేసిన గుడ్డ కప్పిన రేడియో, అద్దాల బీరువాలో వాడని పింగాణి గిన్నెలు ఉండుటయు, ఇంటివారు వెనుకగదిలో చాపలపై సర్దుకొనుటయు మనమెరుగనిది కాదు. బీదయింటికి ఆ గది గౌరవమునకు గుర్తు. ఆ గౌరవమును త్రోసివేసి స్థలమును మాత్రమే లెక్కించిన శాస్త్రము సగము శాస్త్రమే. కాని, ఆ గది దాచుకొన్నంతకాలము పిల్లవాడు పొయ్యిప్రక్క పొగలో పాఠములు చదివినాడన్నదియు నిజమే.

యుద్ధకాలమున, 1944లో, స్వీడన్‌లో గృహపరిశోధన సంస్థ యొకటి వెలసెను. ఇల్లాలి పనిని కర్మాగారములోని పనివలె గౌరవించి, కొలిచి చూచుట దాని యుద్దేశము. బల్ల యెంత యెత్తుండినచో నడుము నొవ్వదు, పొయ్యికిని తొట్టికిని మధ్య ఎన్ని యడుగులుండవలెను, ఏ గిన్నె ఏ తట్టునుంచినచో చేయి చాచి యందుకొనవచ్చును అని వారు పరీక్షించిరి. ఆ ఫలితములనుండి 1950లో వంటింటి అమరికకు దేశవ్యాప్తమైన ప్రమాణములు రూపొందెను. ఈ కొలతల పిచ్చిని చూచి నవ్వుకొన్నవారును కలరు. 2003లో నార్వేలో తీసిన "వంటింటి కథలు" అను చలనచిత్రములో, ఒంటరి వృద్ధుని వంటింటి మూలలో ఎత్తైన కుర్చీ వేసికొని, ఒక్కమాటయు ఆడక అతని నడకను గీతలుగా గీయు స్వీడన్ పరిశీలకుడొకడు కనబడును. తుదకు ఆ యిద్దరును స్నేహితులై, చూచువాడెవడో చూడబడువాడెవడో తెలియని స్థితి వచ్చును. నవ్వునకు అడుగున నున్న సత్యము గొప్పది. మనుష్యుని కొలుచుటకు ముందు అతనితో మాటాడవలెను.

పొరుగుననున్న ఫిన్లండు కథ మరింత కఠినమైనది. సోవియట్ రష్యాతో జరిగిన యుద్ధములలో ఆ చిన్న దేశము కరేలియా ప్రాంతమును కోల్పోయెను. నాలుగు లక్షలకు పైగా ప్రజలు ఇండ్లు విడిచి వచ్చిరి. వారికి, యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు చిన్న కొయ్యయిండ్లు ఒకే నమూనాతో వేలకొలదిగా లేచెను. ఆ కాలమున మైయు గెబ్‌హార్డ్ అను నామె, పనిలో శ్రమను తగ్గించు మార్గములు వెదకు సంఘములో నుద్యోగించుచు, గృహిణి తన జీవితకాలములో గిన్నెలు కడిగి తుడుచుటలో ఇంచుమించు ముప్పదివేల గంటలు గడపునని లెక్కకట్టెను. 1944, 1945 సంవత్సరములలో ఆమె దానికి కనిపెట్టిన యుపాయము మిక్కిలి సులభము. నీటితొట్టికి పైన గోడ అలమర; దాని యడుగున చెక్కకు బదులు ఊచల తట్టు. కడిగిన పళ్లెమును అందులో నిలిపినచో నీరు తొట్టిలోనికే కారును. తుడువ నక్కరలేదు, మరల సర్ద నక్కరలేదు, బల్లపై స్థలము పట్టదు, తలుపు మూసినచో కంటికి కనబడదు. నేటికిని ఫిన్లండులో ఆ అలమర లేని వంటిల్లు అరుదు. మన వంటిండ్లలో గోడకు తగిలించు స్టీలు గిన్నెల స్టాండు ఆ బుద్ధికి బంధువే.

ఆ దేశపు మహాశిల్పి ఆల్వర్ ఆల్టో 1933లో చేసిన ముక్కాలిపీటను గూడ ఇక్కడ చెప్పవలెను. భూర్జజాతి చెట్టు కలప వంచినచో విరుగును. ఆల్టో కోలయొక్క పైకొసను రంపముతో సన్నని చీలికలుగా కోసి, ఆ చీలికలలో పలుచని చెక్కపొరలు జిగురుతో జొప్పించి, పిమ్మట వంచెను. కోల విరుగక మోకాలివలె వంగి, పీటకు నేరుగా మరలతో బిగియగల కాలయ్యెను. మూడు కాళ్లు, ఒక గుండ్రని పలక, అంతే. అది కూర్చుండుటకు పీట, మంచము ప్రక్కన బల్ల. అక్కర లేనప్పుడు ఒకదానిపై నొకటి పేర్చినచో పదిపీటలు ఒక పీట చోటులో నిలుచును. 1935లో ఆల్టో, అతని భార్య అయినో, మైరె గుల్లిక్సెన్, నిల్స్ గుస్తావ్ హాల్ అను నలుగురు కలిసి ఆర్టెక్ అను సంస్థ పెట్టి దానిని అమ్మసాగిరి. యుద్ధానంతరము 1953లో కాయ్ ఫ్రాంక్ అను నతడు భోజనపాత్రలకు ఇట్టి సంస్కారమే చేసెను. అంతవరకు పళ్లెములు డజన్ల లెక్కన, పెద్ద జోడింపుగా కొనవలసియుండెను. ఫ్రాంక్ చేసిన సాదా రంగుల గిన్నెలను ఒక్కొక్కటిగా కొనవచ్చును, ఒకటి పగిలినచో ఒకటి తెచ్చుకొనవచ్చును, ఒకదానిలో నొకటి పేర్చి చిన్న అలమరలో దాచవచ్చును. జీతగాని యింటికి తగిన పింగాణి యన్న మాట.

డెన్మార్కులో ఈ పని కొలబద్దతో ప్రారంభమైనది. 1924లో కోపెన్‌హేగన్‌లోని రాజకీయ లలితకళా విద్యాపీఠమున కారె క్లింట్ అను నతడు కుర్చీబల్లల రూపకల్పన బోధింప మొదలిడెను. అతడు శిష్యులచే ముందుగా బొమ్మలు గీయింపలేదు, కొలతలు తీయించెను. కూర్చున్న మనుష్యుని మోకాలి యెత్తు, మడిచిన చొక్కా వెడల్పు, పళ్లెము చుట్టుకొలత, కాగితము పొడవు. లోపల పెట్టు వస్తువు కొలత తెలియనిదే బీరువా గీయరాదని అతని నియమము. ఆ శిష్యులలో నొకడైన బోర్యె మోగెన్‌సెన్ 1942లో దేశపు సహకార సంఘములు పెట్టిన కలపసామాను శాఖకు ప్రధాన రూపశిల్పి యయ్యెను. 1947లో అతడు చేసిన కుర్చీని ప్రజలు ప్రజాకుర్చీ యనిరి. సాదా కలప చట్రము, మెలివేసిన కాగితపుత్రాడుతో అల్లిన కూర్చుండు పట్టు. అల్లిక తెగినచో క్రొత్తది అల్లించుకొనవచ్చును. చట్రము తరములు నిలుచును. దానిని అమ్మినది ధనికుల యంగడి కాదు, పప్పు ఉప్పులమ్ము సహకార సంస్థ. ఎల్లెన్ కేయ్ 1899లో కన్న కల ఇట నిజమునకు మిక్కిలి చేరువయ్యెనని మేము తలంతుము.

ఇక మిగిలినది చౌక. 1940లలోనే స్టాక్‌హోమ్‌లో విడిభాగములుగా విప్పి, కొన్నవారే బిగించుకొను సామాను అమ్మిరి. 1949లో నిల్స్ స్ట్రిన్నింగ్ తీగల నిచ్చెనవంటి రెండు చట్రములు గోడకు బిగించి, వాని నడుమ పలకలు నిలుపు పుస్తకాల అర నొకటి కనిపెట్టెను. అది నేలపై అంగుళమైనను ఆక్రమింపదు. 1943లో పదునేడేండ్ల ప్రాయమున ఇంగ్వర్ కాంప్రాడ్ ప్రారంభించిన ఐకియా సంస్థ ఈ మార్గమున అందరికన్న దూరము పోయినది. 1956లో ఆ సంస్థ యుద్యోగి యొకడు బల్లను మోటారుకారులో నెక్కించలేక దాని కాళ్లూడదీసెననియు, అప్పటినుండి విడిభాగముల అమ్మకము తమకు మూలసూత్రమయ్యెననియు ఆ సంస్థవారు చెప్పుకొందురు. గాలిని మోయు బండికి గూడ కిరాయి చెల్లింపవలెను గదా. సామాను బల్లపరుపుగా కట్టినచో ఒకే బండిలో మరింత ఎక్కువ సరకు పోవును. మరియొక వంక, 1965 నుండి 1974 వరకు పదేండ్లలో స్వీడన్ ప్రభుత్వ ప్రణాళిక క్రింద పది లక్షల యిండ్లు లేచెను. అప్పటి జనాభా ఎనుబది లక్షలని తలచినచో అదెంత పనియో తెలియును. ఒంటిగది యిరుకు ఆ దేశమున చాలవరకు చరిత్ర యయ్యెను.

గెలుపుతోపాటు ఒక నష్టమును వచ్చినది. కోపెన్‌హేగన్ వడ్రంగుల సంఘము 1927 నుండి ఏటేట జరిపిన ప్రదర్శన 1966తో ఆగిపోయెను. చేతిపని వెల పెరిగెను. యంత్రపు పని వెల తరిగెను. లోకమంతట చౌకసామాను పెరిగిన కొలది, కొనుట సులభమైనట్లే పారవేయుటయు సులభమైనది. గట్టి కలపకు బదులు చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకలు వచ్చెను. నీరు సోకినచో అవి ఉబ్బును. ఒకసారి ఊడిన మర మరల పట్టదు. తాత కుర్చీ మనుమనికి దక్కు కాలము పోయి, అద్దెయిల్లు మారినప్పుడెల్ల కుర్చీ మారు కాలము వచ్చినది. నిరాడంబరతయొక్క రూపము మిగిలి, దాని ప్రాణమైన మన్నిక తగ్గినది. ఈ లోపమును గుర్తించినవారును అచ్చటివారే. ఆర్టెక్ సంస్థ 2006 నుండి తన పాత ముక్కాలిపీటలను పాఠశాలలనుండి, కార్యాలయములనుండి తిరిగి కొని, గీతలు మరకలతోనే మరల అమ్ముచున్నది. డెబ్బదియేండ్లు వాడిన పీట క్రొత్తదానికన్న గౌరవము పొందుట మంచి సూచన.

ఈ చరిత్ర మన గుమ్మముదాక వచ్చిన దినమును కలదు. 2018 ఆగస్టు 9వ తేదీన ఐకియా సంస్థ భారతదేశమున తన మొదటి దుకాణమును హైదరాబాదులో తెరచెను. తెరచుటకు ముందు దాని యుద్యోగులు మన దేశమున వందలాది యిండ్లకు పోయి, జనమెట్లు కూర్చుందురో, ఎట్లు వండుకొందురో, ఎక్కడ నిద్రింతురో చూచివచ్చిరి. 1941నాటి ఆ పరిశీలన వంటిదే యిది, వర్తకుని లెక్కతో. మొదటిదినమున వచ్చిన జనసందోహము పత్రికలలో వార్త యయ్యెను. నేడు మన నగరములలో రెండుగదుల అపార్టుమెంటు కొన్న యువదంపతులు తెల్లని గోడలు, లేతరంగు కలప కోరుకొనుచున్నారు. కోరుకొనుట తప్పు కాదు. కాని ఆరు గంటల పగలు గల దేశమున పుట్టిన తెలుపును, వైశాఖపు ఎండగల దేశమున యథాతథముగా దింపుకొనవలెనా యని ఒక్కసారి ఆలోచింపవలెను. అచ్చట కిటికీ వెలుతురును పిలుచుటకు. ఇచ్చట వేసవిలో దానిని వడకట్టుటకు. చెక్కపొట్టు పలక చలిదేశపు పొడియింట నిలుచును. కోస్తా వానకాలపు చెమ్మకు నిలుచునా యని అడుగవలెను.

ఆ ఉత్తరదేశముల వారినుండి మనము తెచ్చుకొనదగినది రంగు కాదు, ప్రశ్న. ఈ యింట నిజముగా ఎవరు ఏమి చేయుచున్నారు? ఎవరి నడుము నొచ్చుచున్నది? ఏ వస్తువు నిత్యము చేతికి వచ్చుచున్నది, ఏది పదేండ్లుగా కదలలేదు? పగిలినచో బాగుచేయువా డున్నాడా? ఈ ప్రశ్నలకు మన పెద్దలును తమదైన రీతిని సమాధానము చెప్పియున్నారు. గోడలోని గూడు, పైన అటక, తలపై దండెము, పగలు చుట్టిపెట్టు చాప, నులక తెగినచో మరల అల్లించుకొను మంచము. ఇవన్నియు చిన్న యింటి శాస్త్రములోని పాఠములే. ఆ నులకమంచమునకును మోగెన్‌సెన్ కాగితపుత్రాడు కుర్చీకిని మధ్యనున్న దూరము, మనమనుకొన్నంత యెక్కువ కాదు.

1917లో బంగారుగీతల కప్పును విడువని కార్మికుని మాటయు మనము మరువరాదు. ఇంట ఒక్క వస్తువైనను ఉపయోగమునకు గాక కేవలము ముచ్చటకై యుండుటకు చోటుండవలెను. అమ్మమ్మ యిచ్చిన కుంకుమభరిణయో, పెండ్లినాటి పటమో. లెక్కకు అందని ఆ యొక్క వస్తువునకు చోటు మిగులునట్లు తక్కిన వానిని లెక్కగా సర్దుకొనుటయే, మా దృష్టిలో, ఈ నూరేండ్ల చరిత్ర చిన్న యింటివారికి చెప్పు మాట.